ఎన్‌బీఏ (ఇంజనీరింగ్ కోర్సులకి గుర్తింపు ఇచ్చే బోర్డు): సీఓ (కోర్స్ అవుట్‌కమ్, అంటే ఆ సబ్జెక్టు అయ్యేసరికి పిల్లలకి రావాల్సింది) టార్గెట్ ఎంత పెడుతున్నారు? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

కొత్త కోఆర్డినేటర్: ఈ సెమిస్టర్ నుంచి మా బ్రాంచికి ఎన్‌బీఏ పని నాకు అంటగట్టారు. హెచ్‌ఓడీ గారు పాత ఫైళ్లు టేబుల్ మీద పెట్టి "చూసుకోమ్మా" అని వెళ్లిపోయారు. సీఓ టార్గెట్ ఎంత పెడుతున్నారు? చదువు పూర్తయ్యేవాళ్లతో నింపించే ఎగ్జిట్ సర్వేకి వెయిటేజీ ఎంత? టార్గెట్ అందకపోతే తీసుకున్న చర్యలకి ఆధారం ఏం చూపిస్తున్నారు?

ఫైళ్లు మోసినవాడు: సర్వే ఊసెత్తకండి మేడమ్. ఫేర్‌వెల్ రోజు ఫారాలు పంచితే మా పిల్లలు పైనుంచి కిందదాకా అన్నిటికీ ఫుల్ మార్కు 3, 3, 3 కొట్టేశారు. ఒకడైతే తను తీసుకోని ఎలక్టివ్‌కి కూడా 3 ఇచ్చాడు. దానికి 20 శాతం ఇవ్వడమే ఎక్కువ.

బ్లూమ్స్ బాధితుడు: మా దగ్గర క్వశ్చన్ పేపర్లో ప్రతి ప్రశ్న పక్కన సీఓ నంబరు, బ్లూమ్స్ లెవెల్ (ప్రశ్న ఏ స్థాయి ఆలోచన కోరుతుందో చెప్పేది) వెయ్యాలి. ఎల్4 (విశ్లేషణ) తక్కువైందని పేపర్ వెనక్కి వచ్చింది. మా సీనియర్ ఒకాయన "ఎక్స్‌ప్లెయిన్" కొట్టేసి "ఎనలైజ్" రాసి పంపారు, పాసైపోయింది. ప్రశ్న అదే, జవాబూ అదే.

నిపుణుడు_25: విజిట్లకి ఎవాల్యుయేటర్‌గా వెళ్లినవాణ్ణి, చెప్తున్నా వినండి. ఇలా వెటకారాలు చేసేవాళ్ల బ్రాంచీలకే మూడేళ్లకి మించి గుర్తింపు రాదు. ఎన్‌బీఏ విలువ తెలుసా? మన దేశానికి 2014లో వాషింగ్టన్ అకార్డ్‌లో (ఇంజనీరింగ్ డిగ్రీలని దేశాలు పరస్పరం గుర్తించుకునే ఒప్పందం) శాశ్వత సభ్యత్వం వచ్చింది. మీ పిల్లల డిగ్రీకి విదేశాల్లో గుర్తింపు దీనివల్లే.

టైర్2 మాస్టారు: ఏ పిల్లలకి సార్? అకార్డ్ వర్తించేది టైర్-1 (యూనివర్సిటీలు, అటానమస్ కాలేజీలు) ప్రోగ్రాములకే. అటానమస్ లేని అఫిలియేటెడ్ కాలేజీలన్నీ టైర్-2. ఎవాల్యుయేటర్‌గా వెళ్లినవారు ఇది వదిలేసి చెప్తే ఎలా?

నిపుణుడు_25: అటానమస్ తెచ్చుకుని టైర్-1కి అప్లై చేసుకోవచ్చు. మీ మేనేజ్‌మెంట్ చేతకానితనం అకార్డ్ మీదకి నెట్టకండి.

టైర్2 మాస్టారు: చేసుకోవచ్చు, చేశారా అని అడుగుతున్నా. నేను ఇదివరకు పనిచేసిన చోట టైర్-2 సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టి, బ్రోచర్‌లో "వాషింగ్టన్ అకార్డ్ గుర్తింపు" అని అచ్చేశారు. తల్లిదండ్రులు దాన్ని నమ్మి ఫీజు కట్టారు. అడిగిన నాకు మాత్రం మెమో!

నిపుణుడు_25: మీ గొడవ మీ పాత కాలేజీతో. నాకెందుకు చెప్తున్నారు?

ల్యాబ్ రికార్డు: ఇద్దరూ కాస్త ఆపండి. కొత్త ఎస్‌ఏఆర్‌లో (ఎన్‌బీఏకి మనం ఇచ్చే స్వీయ అంచనా రిపోర్టు) పీఓలు (ప్రోగ్రాం అవుట్‌కమ్స్, డిగ్రీ అయ్యేసరికి రావాల్సినవి) 12 కాదు, 11. సీఓలని పీఓలతో కలిపే పాత మ్యాట్రిక్స్ కాపీ కొడుతున్నవాళ్లు చూసుకోండి. ఇదివరకు పీఓ7 అంటే పర్యావరణం, ఇప్పుడు ఎథిక్స్. నంబర్లు మార్చడం మర్చిపోయి మా వాళ్లు ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌ని ఎథిక్స్‌కి 3తో (గట్టి సంబంధం అని) కలిపేశారు. ప్రింటయ్యేదాకా ఎవరూ చూడలేదు.

బ్లూమ్స్ బాధితుడు: కలిస్తే మంచిదేగా, పేపర్ వృథా చెయ్యకూడదనే ఎథిక్స్ అయినా వస్తుంది.

కొత్త కోఆర్డినేటర్: నా మూడో ప్రశ్న ఎవరైనా చూశారా?

ల్యాబ్ రికార్డు: మేడమ్, మేం మొదట గత మూడు బ్యాచ్‌ల సగటు తీసి, టార్గెట్ దానికి కాస్త పైన పెడతాం. అన్ని కోర్సుల్లో టార్గెట్ దాటేశాం అని చూపిస్తే అనుమానం మొదలవుతుంది. అందని కోర్సుకి డిపార్ట్‌మెంట్ కమిటీ మినిట్స్, ట్యుటోరియల్ హాజరు పట్టీ, తర్వాతి బ్యాచ్‌లో అదే సీఓ మార్కులు వరుసగా పెట్టండి. తేదీలు జాగ్రత్త. రిజల్ట్స్ రాకముందే రెమెడియల్ క్లాసులు అయిపోయినట్టు ఫైల్లో ఉంటే అక్కడే పట్టుకుంటారు.

నిపుణుడు_25: ఇదే నేను చెప్పబోయాను.

టైర్2 మాస్టారు: చెప్పబోయారు!

ఫైళ్లు మోసినవాడు: ఇంతకీ కోఆర్డినేటర్‌కి పీరియడ్లు ఏమన్నా తగ్గించారా మేడమ్?

కొత్త కోఆర్డినేటర్: ఒక ల్యాబ్ అదనంగా ఇచ్చారు. ల్యాబ్ రికార్డు గారూ, టార్గెట్ ఎంత అందిందో లెక్కేసే ఆ అటైన్‌మెంట్ ఎక్సెల్ షీటు పంపగలరా?

బ్లూమ్స్ బాధితుడు: నాకూ.

టైర్2 మాస్టారు: నాకు కూడా సార్, ఫార్ములాలు లాక్ చెయ్యకుండా.