సమస్యాపూరణం: "కలఁతలోనఁ బుట్టెఁ గట్టుబాటు"

ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను. షరతు ఒక్కటే: ద్రవలోహమో ప్లాస్మానో (విద్యుత్తు ప్రవహించే వేడి వాయువు) కల్లోలంగా కదులుతుంటే అందులోంచి పెద్ద అయస్కాంత క్షేత్రం ఎలా లేస్తుందో పద్యంలో కనబడాలి. సంసారపు కలతలు ఇంకో వారం చూద్దాం.

పూరణ 1

పుడమి గర్భమందుఁ బొంగారు లోహాన
మరిగి మరిగి సుడులు తిరుగుచుండఁ
దిరము లేనిచోట దిక్సూచి నిలిచెరా
కలఁతలోనఁ బుట్టెఁ గట్టుబాటు

నిర్వాహకుడు: రెండో పాదంలో ప్రాసయతి హాయిగా పడింది. కానీ 2,900 కిలోమీటర్ల లోతున ఉన్న ఆ ఇనుము ద్రవమే గాని మరగదు. వేడి పైకి పోతూ, లోపలి గోళం గడ్డకడుతూ ఉంటే తేలిక పదార్థం పైకి లేస్తుంది, అదీ కదలిక. 'నిలిచెరా'లో 'రా' గణం కోసం వచ్చిందే. పైగా సుమారు 7 లక్షల 80 వేల ఏళ్ల కిందట భూమి అయస్కాంత ధ్రువాలు తారుమారయ్యాయి, మరీ అంత నిలకడ లేదు! అసలు లోటు వేరే. సుడికీ దిక్సూచికీ మధ్య ఏం జరిగిందో చెప్పలేదు.

పూరణ 2

భానుమధ్యరేఖ వడివడిఁ దిరుగాడ
ధ్రువము వెనుకఁ బడఁగఁ దీగలట్లు
చుట్టుకొనియె గీత సూత్రమై నడుమును
కలఁతలోనఁ బుట్టెఁ గట్టుబాటు

నిర్వాహకుడు: రెండో పాదంలో 'ధ్రు'కు 'దీ' యతి చెల్లదు. తీగ, సూత్రం రెండు పోలికలూ ఎందుకు? 'ధ్రువము వెనుకఁ బడఁగ దూర మొదవ' అంటే రెండు చిక్కులూ తీరతాయి. విషయం బాగుంది. సూర్యుడి నడుము దాదాపు 25 రోజులకు, ధ్రువాల దగ్గర సుమారు 35 రోజులకు ఒక చుట్టు తిరుగుతుంది కనుక నిలువు గీత, అంటే ధ్రువం నుంచి ధ్రువానికి సాగే అయస్కాంత క్షేత్రరేఖ, అడ్డంగా చుట్టుకుంటుంది. మరి అడ్డం మళ్లీ నిలువు కావద్దూ?

ఒక సభ్యుడు: ఇందులో కలత ఎక్కడుందండీ? అంతా క్రమమే.

నిర్వాహకుడు: సరిగ్గా పట్టుకున్నారు. అక్షం చుట్టూ అచ్చంగా ఒకేలా ఉండే క్షేత్రం ద్రవ ప్రవాహంతో నిలబడలేదని 1934లో కౌలింగ్ అనే శాస్త్రవేత్త నిరూపించాడు. కొంత అక్రమం ఉండి తీరాలి. లేచే ప్లాస్మా భ్రమణం వల్ల మెలితిరిగి, అడ్డం గీతను మళ్లీ నిలువుకు తెస్తుందని 1955లో పార్కర్ అనే మరో శాస్త్రవేత్త చూపాడు. ఆ మెలిక పద్యంలో లేదు.

పూరణ 3

సాగఁదీసి మెలిక సంధించి మడువంగ
రెట్టి రెట్టి యగుచు రేఖ పెరిగెఁ
దిరుగు గోళ మిచ్చెఁ దెన్ను మెలికకెల్ల
కలఁతలోనఁ బుట్టెఁ గట్టుబాటు

నిర్వాహకుడు: ఇదీ పూరణ! విద్యుత్తు బాగా ప్రవహించే ద్రవంలో క్షేత్రరేఖలు దానికి అతుక్కున్నట్టే కదులుతాయి. సాగదీసి, మెలితిప్పి, మడిస్తే బలం రెట్టింపు. అక్కడితో ఆపితే సుడి సైజు క్షేత్రాలే, తలో దిక్కు. మూడో పాదం పద్యాన్ని నిలబెట్టింది. మెలికల్లో కుడి ఎడమలు సమానమైతే సగటు సున్నా, భ్రమణం ఒక వాటానికి మొగ్గేలా చేస్తుంది. ఈ సగటునే 1966లో స్టీన్‌బెక్, క్రౌజ్, రాడ్లర్ లెక్కగట్టారు. ఆల్ఫా ప్రభావం అంటారు. 'ఎల్ల' మాత్రం కొంచెం ఎక్కువ మాట. ఉత్తరార్ధంలో ఒక వాటమైతే దక్షిణార్ధంలో ఎదురు వాటం.

పూరణ 3 కవి: 'ఎల్ల' గణం కోసమే, ఒప్పుకుంటున్నాను.

మరో సభ్యుడు: అసలు 'పుట్టె' అనడం ఒప్పా? ఈ ప్రక్రియ ఉన్న క్షేత్రాన్ని పెంచుతుంది గాని శూన్యంలోంచి తేదు కదా. విత్తనం కావాలి.

నిర్వాహకుడు: కావాలి, ఎంత సన్నదైనా సరే. కానీ పాదంలో పుట్టింది కట్టుబాటు, క్షేత్రం కాదు. మార్చను.