పాసింగ్ అవుట్ పెరేడ్‌కి గెస్ట్‌గా వెళ్తూ కిల్ట్ వేసుకోవచ్చా?

గ్లాస్గోలో_గోదారోడు:
అందరికీ నమస్తే. మా తోడల్లుడి కొడుకు ఇక్కడ బ్రిటిష్ ఆర్మీలో చేరాడు, రాయల్ రెజిమెంట్ ఆఫ్ స్కాట్లాండ్. వచ్చే నెల క్యాటరిక్‌లో (ఇంగ్లాండ్ ఉత్తరాన ఉన్న ఆర్మీ క్యాంపు) పాసింగ్ అవుట్ పెరేడ్, అదే ట్రైనింగ్ పూర్తయ్యాక చేసేది. వాడు పుట్టిందీ పెరిగిందీ గ్లాస్గోలోనే, ఫోన్ చేసి "బాబాయ్ నువ్వు కిల్ట్‌లోనే రావాలి" అని ఒకటే గొడవ (కిల్ట్ అంటే స్కాట్లాండ్ మగవాళ్ళు నడుముకి కట్టుకునే గళ్ళ లంగా లాంటిది). వాళ్ళు పంపిన కాగితంలో మగవాళ్ళకి లౌంజ్ సూట్ (మామూలు సూటూ టై) అని ఉంది, కిల్ట్ గురించి వేసుకోండి అనీ లేదు వద్దు అనీ లేదు. ఆఫీసు వాళ్ళ పెళ్ళిళ్ళకి అద్దెకి తెచ్చి వేసుకున్నా గానీ మిలిటరీ వాళ్ళ ముందు వేసుకుంటే ఏమన్నా తప్పుగా అనుకుంటారా అని డౌటు. ఇంకోటి, మా నాన్నగారు ఇండియన్ ఆర్మీలో చేశారు, ఆయన మెడల్స్ నా దగ్గరున్నాయి, అవి పెట్టుకోవచ్చా? మా ఆవిడైతే పంచె కట్టుకుని రండి కనీసం కట్టుకోవడం వచ్చు కదా అంటోంది.

లీత్_రెడ్డి:
హ్యాపీగా వేసుకోండి అన్నా. స్కాట్లాండ్‌లో కిల్ట్ అంటే సూట్‌తో సమానం, ఫలానా వాళ్ళే వేసుకోవాలని రూలేం లేదు, రమ్మన్నది కూడా ఇంట్లో కుర్రాడే. కాకపోతే మీరు వెళ్ళేది గెస్ట్‌గా, అది గుర్తు పెట్టుకుంటే చాలు, సోల్జర్‌లా కనపడేది ఏదీ ఒంటి మీద ఉండకూడదు. టోపీ మీద పెట్టుకునే ఈకల కుచ్చు, రెజిమెంట్ బ్యాడ్జి, రెజిమెంట్ టై ఇవన్నీ ఆన్‌లైన్లో ఎవడికైనా అమ్మేస్తారు, వాటి జోలికి పోవద్దు. ఆ కుచ్చు కోసం కుర్రాళ్ళు నెలల తరబడి బురదలో దొర్లి వచ్చారు, ప్రేక్షకుల్లో కూర్చున్న మనం పెట్టుకుంటే వాళ్ళకి కచ్చితంగా మండుద్ది.

రెండోది, అద్దె షాపువాడు అడక్కుండానే ప్రిన్స్ చార్లీ కోటు, బో టై, బొచ్చు స్పోరన్ (కిల్ట్ ముందు వేలాడే సంచి) చేతిలో పెట్టేస్తాడు, పెళ్ళిళ్ళకి అందరూ అదే తీసుకుంటారు కాబట్టి. అది అసలు సాయంత్రం డ్రెస్. పెరేడ్ పగలు కదా, మీకు కావాల్సింది ఆర్గైల్ కోటు (కిల్ట్ మీద పగలు వేసుకునే పొట్టి కోటు), ట్వీడ్‌ది అయితే ఇంకా బాగుంటుంది, మామూలు పొడుగు టై, సాదా తోలు స్పోరన్, బూడిద రంగు మేజోళ్ళు. కాళ్ళకి చీలమండ దాకా లేసులు చుట్టే షూ కూడా అక్కర్లేదు, మామూలు నల్ల షూ శుభ్రంగా పాలిష్ చేసి వేస్కోండి.

ఇక టార్టన్ విషయం, అంటే కిల్ట్ బట్ట మీది గళ్ళ డిజైన్. 2006లో పాత రెజిమెంట్లన్నీ కలిపి ఈ రెజిమెంట్ చేసినప్పటి నుంచి అందరికీ గవర్నమెంట్ టార్టనే, చూడ్డానికి బ్లాక్ వాచ్ (ముదురు నీలం, ఆకుపచ్చ గళ్ళ టార్టన్) లాగే ఉంటుంది. బ్లాక్ వాచ్ ఎవరైనా వేసుకోవచ్చు, అద్దె షాపుల్లో ఎక్కువ దొరికేదీ అదే, కానీ ఆ రోజు గ్రౌండ్‌లో కుర్రాళ్ళంతా అదే రంగులో ఉంటే మీరూ అందులోనే ఎందుకు, వేరేది తీస్కోండి. ఇది నా ఒపీనియన్ మాత్రమే. అసలు ముట్టుకోకూడనిది అంటే బాల్మోరల్, అది రాజకుటుంబానిది, షాపులో దొరకదు కూడా. సిక్కులకి సింగ్ టార్టన్ ఎప్పుడో 1999లోనే వచ్చింది, ఫీజు కట్టి ఎవరైనా కొత్త డిజైన్ రిజిస్టర్ చేయించుకోవచ్చు, మన తెలుగు సంఘాలు ఆ పని ఎందుకు చెయ్యవో మరి.

చరిత్ర_పిచ్చోడు:
నాకెందుకో నచ్చట్లేదండి. 1799లో టిప్పు మీద శ్రీరంగపట్నం ముట్టడికి వచ్చినోళ్ళలో హైలాండర్లు (స్కాట్లాండ్ కొండప్రాంతం హైలాండ్స్ పేరుతో ఉన్న రెజిమెంట్ల సైనికులు) ఉన్నారు, 1803లో అస్సాయే దగ్గర మరాఠాల మీద యుద్ధంలోనూ 74, 78 హైలాండర్ రెజిమెంట్లు ఉన్నాయి. వాళ్ళ పెరేడ్‌కి వాళ్ళ బట్టల్లోనే వెళ్ళాలా? సూట్ వేసుకుంటే సరిపోద్దిగా.

లీత్_రెడ్డి:
@చరిత్ర_పిచ్చోడు బ్రో సూట్ మాత్రం ఎవరిదంట 😀 అయినా కిల్ట్ కథ అంత సింపుల్ కాదు. 1746లో డ్రెస్ యాక్ట్ అని తెచ్చి హైలాండ్స్ మగవాళ్ళు ఇది వేసుకుంటే జైలు అన్నది లండన్ పార్లమెంటే, ఆర్మీలో చేరినోళ్ళకి మాత్రం మినహాయింపు, 1782లో గానీ ఎత్తెయ్యలేదు. అంటే ఊళ్ళో వేసుకుంటే నేరం, రాజు కోసం తుపాకీ పట్టుకుని వేసుకుంటే గౌరవం. ఆ తర్వాత 1822లో నాలుగో జార్జ్ ఎడిన్‌బరా వచ్చి తనే కిల్ట్ వేసుకుని తిరిగాడు, అప్పట్నుంచి పెద్దోళ్ళకీ అది ఫ్యాషన్ అయిపోయింది. ఇంకా మాట్లాడితే ఢిల్లీలో జనవరి 29న మన బీటింగ్ రిట్రీట్‌లో వాయించే బ్యాగ్‌పైపులు కూడా ఆ రెజిమెంట్ల నుంచి వచ్చినవే, వాటిని మనోళ్ళు ఎప్పుడో సొంతం చేసేసుకున్నారు.

రిటైర్డ్_సుబేదార్_సికింద్రాబాద్:
నమస్కారం బాబూ. ముందుగా మీ అబ్బాయికి ఆశీస్సులు. నాన్నగారి మెడల్స్ సంగతి, అవి ఆయన సంపాదించినవి కాబట్టి ఎడమ వైపు పెట్టకూడదు, ఎడమ వైపు ఎవరి సొంత మెడల్స్ వాళ్ళవే. అక్కడి ఆనవాయితీ ప్రకారం ఇంట్లో వాళ్ళవి కుడి వైపు పెట్టుకుంటారు, నవంబర్‌లో యుద్ధాల్లో పోయినవాళ్ళని తలుచుకునే రిమెంబరెన్స్ సండే రోజు అలా చాలామంది కనిపిస్తారు. మీ ఫంక్షన్‌కి నన్నడిగితే వద్దంటాను, ఆ రోజు కుర్రాడిది. పెరేడ్ అయ్యాక ఫొటో దిగేటప్పుడు జేబులోంచి తీసి వాడికి చూపించండి, మీ నాన్నగారికి అంతకన్నా ఏం కావాలి.

ఇంకా, జాతీయ గీతం వాయిస్తే లేచి నిలబడాలి, టోపీ ఉంటే తీసెయ్యాలి, సెల్యూట్ మాత్రం కొట్టొద్దు, యూనిఫాంలో ఉన్నవాళ్ళకే అది. అసలు టోపీ లేకుండా వెళ్తే ఈ గొడవే ఉండదు. మేడమ్ గారు చెప్పిన పంచె కూడా తప్పేం కాదు గానీ ఉల్లిపొర పంచెతో క్యాటరిక్ గాలికి తట్టుకోవడం కష్టం అనుకుంటా.

అబర్డీన్_అమ్మాయి:
కిల్ట్‌తో పాటు మేజోడులో పెట్టుకునే చిన్న కత్తి గురించి ఎవరూ చెప్పలేదేంటి? నేషనల్ డ్రెస్‌లో భాగంగా పెట్టుకుంటే చట్టంలో మినహాయింపు ఉంది, సిక్కుల కృపాణ్‌కి మతపరంగా ఉన్నట్టే. కానీ మీరు వెళ్ళేది ఆర్మీ క్యాంపు, గేటు దగ్గర చెకింగ్ ఉంటుంది, అక్కడ నిలబడి చట్టం చదివి వినిపిస్తారా? ఇంట్లో పెట్టేసి రండి, ఏ డ్రెస్‌కీ అది కంపల్సరీ కాదు.

ఇక ఎవరూ అడగరు గానీ అందరికీ ఉండే డౌటు: లోపల వేసుకోండి అన్నయ్యా దయచేసి, పైగా అద్దె కిల్ట్ అది. కూర్చునేటప్పుడు వెనక కుచ్చిళ్ళు చేత్తో కిందకి సర్దుకుని కూర్చోవాలి, మేం చీరకి సర్దుకున్నట్టే, మోకాళ్ళు దగ్గరగా పెట్టుకోవాలి. ముందు వరసలో సీటు ఇచ్చారంటే ఎదురుగా మార్చ్ చేసేవాళ్ళు మీ వైపే చూస్తారు మరి! కిల్ట్ పిన్ను పైపొరకే గుచ్చాలి, రెండు పొరలూ కలిపి గుచ్చితే నడిచేటప్పుడు బట్ట లాగేసి చిరుగుతుంది. అంచు మోకాలి మధ్యలోకి రావాలి, మా ఆఫీసులో ఒకాయన ప్యాంటులా బొడ్డు కిందకి దించి కడతాడు, పిక్కల దాకా వేలాడుద్ది, నడుం పైకి ఎత్తి కట్టాలి దాన్ని.

గ్లాస్గోలో_గోదారోడు:
అందరికీ థాంక్స్. సుబేదార్ గారూ మీరు చెప్పినట్టే మెడల్స్ జేబులోనే ఉంచుతానండి. శనివారం షాపుకెళ్ళి ట్వీడ్ కోటు ఉందేమో అడుగుతా, కత్తి క్యాన్సిల్. మా ఆవిడకి ఈ కామెంట్లన్నీ చదివి వినిపించా, మీరు వేసుకోండి నేను మాత్రం పట్టుచీర మీద పెద్ద కోటు వేసుకుని హీటర్ ఉన్న చోట కూర్చుంటా అంది. గెస్టులకి కుర్చీలు లోపలా బయటా ఎవరికైనా తెలుసా?

లీత్_రెడ్డి:
పెరేడ్ స్క్వేర్ అంటే బయటే అన్నా. వదినకి గ్లౌజులు కూడా కొనండి.