తొమ్మిది కిలోల బొచ్చె చేపకు వయసెంత?

ప్రశ్న (హనుమకొండ వైపు నుంచి):
తూము మరమ్మతు కోసం ఈ వేసవిలో మా ఊరి చెరువు ఖాళీ చేసినప్పుడు తొమ్మిది కిలోల బొచ్చె ఒకటి వలలో పడింది. ఏడాదికి కిలో చొప్పున లెక్కగట్టి, దాని వయసు తొమ్మిదేళ్లని పెద్దలు తేల్చేశారు. అదే వలలో పడిన రవ్వ చేపలు కిలోన్నర కూడా తూగలేదు. అలాగైతే అవి ఏడాదిన్నరవేనా? ఆ బొచ్చె పొలుసులు, రూపాయి బిళ్ల కంటే పెద్దవి, నాలుగు దాచి ఉంచాను. వాటితో ఏమైనా తెలుస్తుందా?

సమాధానం (కైకలూరు నుంచి):
మీరు రవ్వ అనే చేపను మేము శీలావతి అంటాము. బరువును బట్టి వయసు చెప్పడం మా చెరువుల దగ్గర అసలే కుదరదు. పిల్లలను చిన్న చెరువులో ఒత్తుగా వేసి, మేత బిగించి, ఏడాది దాకా కావాలనే ఎదగనివ్వము. ఏడాది నిండినా చేప జానెడు మించదు, నూరు నూటయాభై గ్రాములు తూగుతుంది. దాన్ని పెద్ద చెరువులోకి మార్చి, చిల్లుల సంచుల్లో తవుడు, నూనెగింజల చెక్క మేతగా కట్టడం మొదలుపెడితే ఆగిపోయిన ఎదుగుదలను వేగంగా అందుకుంటుంది. కొన్నవారికి దాని అసలు వయసు ఎలా తెలుస్తుంది?

సమాధానం (మత్స్యశాస్త్రం చదివినవారు):
కిలోకు ఏడాది అన్న లెక్కలోనే పొరపాటు ఉంది. చేప పొడవు రెట్టింపైతే బరువు దాదాపు ఎనిమిది రెట్లవుతుంది. పైగా పొడవు తొలి ఏళ్లలో వేగంగా పెరుగుతుంది, తర్వాత ఆ వేగం ఏటేటా తగ్గుతూ పోతుంది. ఈ తీరుకు బెర్టలాన్ఫీ అనే జీవశాస్త్రవేత్త 1938లో ఇచ్చిన సమీకరణాన్నే నేటికీ వాడుతున్నారు. ఏడాదికోసారి గుడ్లు పెట్టే చేపలను వందల సంఖ్యలో కొలిచి, ఏ పొడవు దగ్గర ఎక్కువ చేపలు గుమిగూడాయో చూసి ఈడులను వేరుచేసే పద్ధతి కూడా ఉంది గానీ, ఒక్క చేప విషయంలో అది పనికిరాదు.

మీ దగ్గరున్న పొలుసులే మేలు. సబ్బునీళ్లలో జిగురు పోయేలా రుద్ది, రెండు గాజు పలకల మధ్య నొక్కి, వెలుతురుకు ఎదురుగా భూతద్దంతో చూడండి. చేప బాగా ఎదిగిన కాలంలో గీతలు ఎడంగా, ఎదుగుదల మందగించినప్పుడు ఒత్తుగా ఏర్పడతాయి. ఆ ఒత్తు వలయాలనే లెక్కించాలి. చలిదేశాల్లో అవి శీతాకాలానివి. మన దగ్గర మాత్రం గుడ్లు పెట్టిన అలసట వల్లా, మేత కరువు వల్లా కూడా వస్తాయి కాబట్టి, వలయానికి ఒక ఏడాది అని గుడ్డిగా లెక్కించకూడదు. నడుమ గీతలు లేని పొలుసును పక్కన పెట్టండి. అది ఊడిపోయినచోట మళ్లీ మొలిచినది. పొలుసులే లేని వాలుగ లాంటి చేపలకైతే రెక్క ముల్లునో వెన్నుపూసనో కోసి చూస్తారు.

ప్రశ్న అడిగినవారు:
చూశాను. ఒక పొలుసు నడుమ ఖాళీగా ఉంది. మిగిలిన మూడింటిలోనూ నాలుగేసి వలయాలు కనిపించాయి. మా చెరువు అయిదు వేసవుల కింద నెర్రెలు విచ్చేలా ఎండిపోయింది. ఆ తర్వాతే పిల్లలను వదిలారు.

సమాధానం (కైకలూరు నుంచి):
అయితే తొమ్మిదేళ్ల మాట దాదాపు కొట్టివేయవచ్చు. వదిలిన పిల్లలు వేలెడువా, జానెడువా అన్నది కనుక్కోండి. జానెడువైతే మా వైపు పిల్లల్లా ముందే ఏడాది గడిపి వచ్చి ఉండవచ్చు. ఆ రవ్వ చేపల పొలుసులు కూడా ఉన్నాయా?

ప్రశ్న అడిగినవారు:
లేవండీ, అవి ఆ రోజే కూరైపోయాయి.