విశ్వవిద్యాలయాలకు వచ్చే నిధులు ముందు హాస్టళ్లకా, అధ్యాపక పోస్టులకా?

పద్దుల బల్ల:
నేను ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయం ఆర్థిక విభాగంలో పనిచేసి విరమణ పొందాను కనుక ఈ ప్రశ్నను జమాఖర్చుల వైపు నుంచే లేవనెత్తుతున్నాను. ప్రభుత్వం ఏకమొత్తంగా ఇచ్చే నిధి, అంటే బ్లాక్ గ్రాంటు, జీతాలకు, పింఛన్లకే చాలడం లేదు. తరుగు పడిన మొత్తాన్ని పరీక్ష ఫీజులు, అనుబంధ కళాశాలలు కట్టే అఫిలియేషన్ ఫీజులు, సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులు, దూరవిద్య రాబడితో పూడ్చుకోవలసి వస్తుంది. 2004 సెప్టెంబరు 1కి ముందు చేరినవారికి పాత పింఛనే వర్తిస్తుంది కాబట్టి, విరమణలు పెరిగే కొద్దీ ఆ పద్దు పెరుగుతూనే పోతుంది.

ఇక బయటి నుంచి వచ్చే సొమ్ము చాలావరకు ఇటుక, సిమెంటు రూపంలోనే వస్తుంది. 2013లో రూసాగా మొదలై 2023లో పీఎం ఉషగా మారిన ఉన్నత విద్యా పథకంలో కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్లు భరిస్తాయి. అందులో పెద్ద భాగం నిర్మాణాలకు, మరమ్మతులకు, పరికరాలకు పోతుంది. భవనానికి ఒక్కసారి ఖర్చు పెడితే సరిపోతుంది, శిలాఫలకమూ మిగులుతుంది. అసిస్టెంట్ ప్రొఫెసరును నియమిస్తే ముప్పై ఏళ్లు జీతం ఇవ్వాలి, ఫలకం ఉండదు.

ఉస్మానియా ఎలా మొదలైందో చూడండి. 1917లోనే అనువాద విభాగం ఏర్పడింది, 1918లో విశ్వవిద్యాలయం స్థాపన జరిగింది, తొలి తరగతులు గన్‌ఫౌండ్రీ ప్రాంతంలో ఉన్న భవనాల్లోనే నడిచాయి. మనం గర్వంగా చూపించుకునే ఆర్ట్స్ కళాశాల భవనం 1939లో గానీ ప్రారంభం కాలేదు. మనుషులను ముందు కూర్చారు, రాళ్లను తరువాత పేర్చారు. కనుక కొన్నేళ్లపాటు కొత్త నిర్మాణాలన్నీ ఆపి పోస్టులు నింపాలన్నది నా వాదన. హాస్టళ్లలో కేటాయింపు లేకుండా ఉంటున్న నాన్‌బోర్డర్లను ఖాళీ చేయిస్తే కొత్త గదుల అవసరమే రాదు.

పాత బోర్డరు:
పద్దుల బల్ల గారికి నమస్కారం. మీ చివరి వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను. నేను దేవరకొండ వైపు పల్లె నుంచి నగరానికి వచ్చాను. నేను చదివిన చోటి పేరు ఇక్కడ చెప్పను. ఇద్దరికి కేటాయించిన గదిలో ఆరుగురం ఉండేవాళ్లం. మంచాలు వరండాలో నిలబెట్టి, నేల మీద బొంతలు పరుచుకుని, ట్రంకు పెట్టె మీద పుస్తకం పెట్టుకుని చదివాము. ఉపకార వేతనం నెలల తరబడి విడుదల కాకపోతే మెస్ బిల్లు మా పేరిట బకాయిగా పేరుకునేది, ఆ బకాయి తీర్చలేదన్న కారణంతో పరీక్షల ముందు నా హాల్‌టికెట్ ఆపారు. ప్రభుత్వం ఇవ్వవలసిన డబ్బుకు నన్ను బాకీదారుగా నిలబెట్టారు. గొప్ప ఆచార్యుడు పాఠం చెబుతాడు సరే, వినవలసిన విద్యార్థికి రాత్రి పడుకునే చోటు లేకపోతే పాఠం ఎవరికి చెబుతారు? నాన్‌బోర్డర్లు ఎవరు, వాళ్లు ఎందుకు ఉంటున్నారు అన్నది ఆలోచించకుండా ఖాళీ చేయించమనడం నాకు సబబుగా తోచలేదు.

కూకట్‌పల్లి తండ్రి:
ప్రభుత్వం కట్టవలసిన ఫీజు రీయింబర్స్‌మెంటు రాలేదని మా అబ్బాయి సర్టిఫికెట్లు ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాల వాళ్లు ఇవ్వడం లేదు. ముందు ఆ బకాయిలు తీర్చమనండి.

పద్దుల బల్ల:
అది సంక్షేమ శాఖల పద్దు, దీనితో కలపకండి. బోర్డరు గారూ, మీ బాధ నిజమే కానీ మెస్ బకాయి ఉపకార వేతనాల సమస్య; కొత్త హాస్టల్ కట్టినా అది తీరదు.

పాత బోర్డరు:
నాన్‌బోర్డర్ల సంగతి మీరు దాటవేశారు.

కాంట్రాక్టు అధ్యాపకురాలు:
పోస్టులు ఖాళీగా ఉన్నాయని అందరూ రాస్తున్నారు గానీ, ఆ ఖాళీల్లో నిలబడి ఏళ్ల తరబడి పాఠాలు చెబుతున్న మేము ఎవరికీ కనిపించడం లేదు. కాంట్రాక్టు నియామకాలు మొత్తం బోధనా పోస్టుల్లో 10 శాతం మించరాదని, వారి వేతనం రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసరు జీతానికి తగ్గరాదని 2018 యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనలు చెబుతున్నాయి. ఆ రెగ్యులర్ ఉద్యోగానికి ఆరంభ మూలవేతనమే 57,700 రూపాయలు. మా విభాగంలో టైంటేబుల్ వేసేది, ప్రాక్టికల్ రికార్డులు దిద్దేది, విద్యాసంస్థల నాణ్యతను తూచే న్యాక్ బృందం వచ్చే ముందు రాత్రి దాకా ఫైళ్లు సర్దేది మేమే. న్యాక్ నివేదికకు మా పేర్లు పనికివస్తాయి, పదోన్నతుల జాబితాకు పనికిరావు. 2023లో జూనియర్ కళాశాలల కాంట్రాక్టు లెక్చరర్లను క్రమబద్ధీకరించి మమ్మల్ని వదిలేశారు. అసిస్టెంట్ ప్రొఫెసర్ల నియామక నిబంధనలు పెట్టిన జీవో 21 రద్దు చేయాలని 2025 ఏప్రిల్‌లో మేము సమ్మె చేసింది ఊరికే కాదు. ఆ జీవో ప్రకారమైతే, నా దగ్గర ఎం.ఎస్సీ. చదివిన పిల్లల పక్కన నేను మళ్లీ ఇంటర్వ్యూకు కూర్చోవాలి.

నెట్ అర్హుడు:
మేడం గారూ, అధ్యాపక అర్హత పరీక్ష నెట్ పాసైన నేను ఆ పిల్లల తరఫున జవాబు చెబుతాను. తెలంగాణ ఏర్పడ్డాక చాలా విశ్వవిద్యాలయాల్లో ఏళ్ల తరబడి రెగ్యులర్ బోధనా నియామకాలు జరగలేదు. 2017లో 1,061 పోస్టులకు అనుమతి ఇచ్చారు, అది కాగితం మీదే ఉండిపోయింది. 2025లో విరమణ వయసును 60 నుంచి 65కు పెంచారు, అంటే ఉన్న కాస్త ద్వారం కూడా ఐదేళ్లు మూసుకుంది. ఇప్పుడు మిగిలిన ఖాళీలను కూడా మీకే రాసిస్తే, పీహెచ్‌డీ పట్టా చేతబట్టుకున్న మేము ఏ గుమ్మం ఎక్కాలి? 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం క్రమబద్ధీకరణ ఎవరి హక్కూ కాదని స్పష్టంగా చెప్పింది. దొడ్డిదారిన వచ్చినవారికి రాజద్వారం తెరవమనడం న్యాయం కాదు.

కాంట్రాక్టు అధ్యాపకురాలు:
ఆ మాట వెనక్కి తీసుకోండి. నేను పత్రికలో ప్రకటన చూసి దరఖాస్తు చేశాను, ఇంటర్వ్యూకు వెళ్లాను, రిజర్వేషన్ల వరుస, అంటే రోస్టర్, ప్రకారం ఎంపికయ్యాను. మీరు చెప్పిన తీర్పులోనే 53వ పేరా కూడా చదవండి. మంజూరైన పోస్టులో, అర్హతలుండి, కోర్టు ఉత్తర్వుల అండ లేకుండా పదేళ్లు పనిచేసినవారిని ఒక్కసారికి క్రమబద్ధీకరించమని అందులోనే ఉంది. మా చేత చాకిరీ చేయించుకునేటప్పుడు గుర్తుకు రాని దారి, హక్కు అడిగితే దొడ్డిదారి అయిందా?

నిర్వాహకులు:
నిందలు మాని విషయం మీద రాయగలరు.

నెట్ అర్హుడు:
ఆ మాట కటువుగా ఉందని ఒప్పుకుంటాను, వాదన మాత్రం మారదు. పాత బోర్డరు అన్న ఇందాకటి నుంచి అడుగుతున్న ప్రశ్నకు కూడా నేనే జవాబు చెబుతాను, ఎందుకంటే ఆ నాన్‌బోర్డరును నేనే. పరిశోధన ముగిసింది, ఫెలోషిప్ ఆగిపోయింది. హైదరాబాదు అశోక్‌నగర్‌లో గది అద్దెకు తీసుకునే స్తోమత లేదు. పగలు రెండు డిగ్రీ కళాశాలల్లో పీరియడ్ లెక్కన పాఠాలు చెప్పి, రాత్రి జూనియర్ గదిలో తలదాచుకుంటాను. ప్రతి ఏడాది నోటిఫికేషన్ వస్తుందన్న ఆశతోనే ఖాళీ చేయలేదు. పద్దుల బల్ల గారు మమ్మల్ని గెంటేస్తే గదులు మిగులుతాయంటున్నారు. పోస్టులు నింపితే మేము మా అంతట మేమే వెళ్లిపోతాం.

పాత బోర్డరు:
ఇదే నేను అడిగింది.

పద్దుల బల్ల:
సరే. అప్పుడు పోస్టులే ముందన్న నా మాటే నిలుస్తుంది. అయితే ఒక సంగతి గమనించండి. కాంట్రాక్టు జీతాలు చాలాచోట్ల అంతర్గత రాబడి నుంచి, అంటే విద్యార్థి కట్టే ఫీజుల నుంచి వస్తాయి. ఎవరిని నియమించినా, ఆ జీతాల భారం బ్లాక్ గ్రాంటులోకి చేరేదాకా పోస్టులు నింపినట్టు లెక్క కాదు. ఎవరిని అన్నదానికి, బోధనానుభవానికి వెయిటేజీ మార్కులు, వయసు సడలింపు ఇచ్చి బహిరంగ నోటిఫికేషన్ ఇవ్వడమే మార్గమని నా అభిప్రాయం.

నెట్ అర్హుడు:
వెయిటేజీకి నాకు అభ్యంతరం లేదు. ఎంపిక ప్రక్రియ మాత్రం అందరికీ ఒకటే ఉండాలి.

కాంట్రాక్టు అధ్యాపకురాలు:
ఇన్నేళ్లు పాఠం చెప్పించుకున్నాక నన్ను మళ్లీ పరీక్షించడానికి నేను ఒప్పుకోను. నోటిఫికేషన్ ఇస్తే మా పోస్టులు మినహాయించి మిగిలిన వాటికి ఇవ్వండి; అప్పుడు ఈ తమ్ముడి పక్కన నిలబడి నేను కూడా దాని కోసం ధర్నా చేస్తాను.

నెట్ అర్హుడు:
మినహాయించాక మా సబ్జెక్టులో ఎన్ని మిగులుతాయో ముందు చెప్పండి, అక్కా.