గౌరీపట్నం క్వారీలో నల్లరాయి మధ్య తెల్ల పొర, అందులో గవ్వలు. ఎలా వచ్చాయి?

కొవ్వూరు కుర్రాడు:
అందరికీ నమస్తే. గౌరీపట్నం వైపు నల్లరాయి క్వారీలు ఉన్నాయి కదా, మా బావ అక్కడ టిప్పర్ తోలతాడు, మొన్న ఆయనతో పాటు వెళ్లాను. తవ్విన గోడ చూస్తే కింద నల్లరాయి, పైన నల్లరాయి, మధ్యలో మాత్రం మనిషెత్తుకి పైనే లేత పసుపు కలిసిన తెల్ల పొర అడ్డంగా పోతోంది. గోకితే పిండిపిండిగా రాలింది. ఒక ముక్క తిప్పి చూస్తే దాన్నిండా ఆలుచిప్పలు, చిటికెన వేలి గోరంత నత్తగుల్లలు, ఒకటి మెలికలు తిరిగి పొడుగ్గా ఉంది. నల్లరాయి అంటే లావా గడ్డకట్టింది అని స్కూల్లో చదివాం, మరి ఆ వేడిలో గవ్వలు ఎలా బతికాయి? అసలు ఇక్కడ అగ్నిపర్వతం ఎక్కడుంది? మా ఊళ్లో ఒకాయన గోదారి వరదకి కొట్టుకొచ్చాయి అంటాడు. ఇంకొకాయనైతే వెతికితే డైనోసార్ ఎముకలు కూడా దొరుకుతాయంటాడు. తెలిసినవాళ్లు చెప్పండి.

రాయిరప్ప:
గోదారి వరద కాదండీ. వరదకి వచ్చినవైతే వాటి నెత్తిన అంత మందాన నల్లరాయి ఎలా కూర్చుంటుంది? కింద ఉన్న పొర ముందుది, పైన ఉన్నది తర్వాతది, ఈ ఒక్క లెక్క పట్టుకుంటే సగం చిక్కు విడిపోతుంది. లావాలో గవ్వలు బతకలేదు. మొదటి విడత లావా వచ్చి చల్లారి రాయైంది. ఆ తర్వాత చాలాకాలం ఇక్కడ సముద్రపు ఒడ్డు, ఉప్పుటేళ్లు, బురద నేలలు. ఆ నీళ్లలో బతికి చచ్చినవాటి చిప్పలు, సున్నపు బురద పేరుకుని మీరు చూసిన తెల్ల పొర అయ్యింది. దాని మీద మళ్లీ లావా వచ్చి కప్పేసింది. ఈ నల్లరాయిని రాజమండ్రి ట్రాప్స్ అంటారు, మధ్య పొరని ఇంటర్‌ట్రాపియన్ అంటారు. గోదారి అవతలి గట్టున కాతేరు దగ్గరా ఇదే వరస.

ఇక వయసు సంగతి. కింది లావాకి కూడా అడుగున సముద్రపు పొరలున్నాయి. వాటిలో ఫొరామినిఫెరా అని, ఏకకణ జీవుల గుల్లలు, ఇసుక రేణువంత ఉంటాయి, మైక్రోస్కోపు కింద పెడితే గానీ ఏ రకమో తేలదు. ఆ రకాలు డైనోసార్లు ఇంకా భూమ్మీద తిరుగుతున్న నాటివి. మీ తెల్ల పొరలోవి మాత్రం డైనోసార్లు పోయాక కొత్తగా పుట్టుకొచ్చినవి. పెద్దగా, నగిషీ చెక్కినట్టు ఉండే పాత రకాలు ఇందులో కనపడవు, అన్నీ బుల్లి బుల్లి సాదా గుల్లలు, రకాలు కూడా కొద్దే. అంటే 6.6 కోట్ల ఏళ్ల కిందట డైనోసార్లని తుడిచేసిన మహా వినాశనం గీత మీ బావ లోడెత్తే కింది నల్లరాయి దగ్గరే ఎక్కడో ఉందన్నమాట! 2008లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ నుంచి గెర్టా కెల్లర్ బృందం ఈ రాజమండ్రి క్వారీల శాంపిల్స్ మీదే ఈ మాట చెప్పింది. వినాశనం గుర్తు ప్రపంచంలో చాలా చోట్ల దొరుకుతుంది. కానీ లావా, సముద్రపు జీవాల గుల్లలు ఒకే గోడలో ఒకదాని మీద ఒకటి కనపడే చోట్లు చాలా తక్కువ. మనం దాన్ని కంకర కొట్టి రోడ్లేస్తున్నాం, అది వేరే సంగతి.

లెక్క తేలాలి:
అగ్నిపర్వతం ఎక్కడ అని ఆయన అడిగితే దాన్ని మాత్రం వదిలేశారు మాస్టారూ. ఈ లావా పశ్చిమ కనుమల నుంచి వచ్చిందని చదివాను. మహాబలేశ్వర్ ఎక్కడ, రాజమండ్రి ఎక్కడ? లావా 1,000 కిలోమీటర్లు పారేలోపు చల్లారి గడ్డకట్టదా? నాకైతే నమ్మబుద్ధి కావట్లేదు. ఇక్కడే నేల పగిలి పైకి తన్నుకొచ్చి ఉండొచ్చుగా.

రాయిరప్ప:
ఇక్కడి పగుళ్లలోంచే వచ్చిందనే వాదన జియాలజిస్టుల్లో కూడా ఉంది, మీరొక్కరే కాదు. నేను మాత్రం పశ్చిమం వైపే. ఎందుకంటే లావా ఏ విడతదో దాని రసాయన లెక్క పట్టిస్తుంది. రాజమండ్రి దగ్గర కింది లావా పశ్చిమ కనుమల్లో అంబేనలి అనే పొరతో, పై లావా దాని మీదుండే మహాబలేశ్వర్ పొరతో సరిపోతాయి. లావా చల్లారేటప్పుడు అందులోని ఇనుప ఖనిజాలు అప్పటి భూమి అయస్కాంత దిశని పట్టి ఉంచుతాయి, అది కూడా అక్కడా ఇక్కడా ఒకేలా ఉంది. కింది దాంట్లో ఉత్తర దక్షిణాలు ఇప్పటికి తలకిందులు, పై దాంట్లో ఇప్పటిలాగే. ఆ మార్పు జరిగింది డైనోసార్లు పోయిన సుమారు 3 లక్షల ఏళ్లకి, కాబట్టి మన తెల్ల పొర పేరుకోవడానికి పట్టిన కాలం కూడా లక్షల ఏళ్ల లెక్కలోనే అనుకోవచ్చు.

చల్లారదా అంటే, పైపైన చల్లారుతుంది. వేడి పాల మీద మీగడ కట్టినట్టు పైన పెంకు కడుతుంది, ఆ పెంకే లోపలి వేడిని బయటికి పోనివ్వదు, కింద లావా పారుతూనే ఉంటుంది, వెనక నుంచి వచ్చేకొద్దీ పెంకుని పైకి లేపుకుంటూ ముందుకి పోతుంది. పైగా ఇది మనం బొమ్మల్లో చూసే కోసుగా ఉండే కొండ కాదు, పొడవాటి పగుళ్లలోంచి వరదలా వచ్చిన లావా. దీన్నంతా కలిపి దక్కన్ లావా అంటారు, ఇప్పటికి మిగిలిందే 5 లక్షల చదరపు కిలోమీటర్ల దాకా ఉంది, మన వికారాబాద్ వైపు నల్లరాయి కూడా అందులోదే. అప్పటి నదీ లోయల వెంట తూర్పుకి దిగి సముద్రంలోకి కూడా పోయింది. ఓఎన్‌జీసీ వాళ్లు కృష్ణా గోదావరి బేసిన్‌లో తవ్విన లోతైన బావుల్లో కూడా ఇదే లావా తగిలింది.

లెక్క తేలాలి:
రసాయన లెక్క ఒప్పుకుంటా. 1,000 కిలోమీటర్లు మాత్రం ఇంకా గొంతు దిగట్లేదు 😀

కొవ్వూరు కుర్రాడు:
ఇంత ఉందా అండీ! రోజూ ఆ రోడ్డు మీదే తిరుగుతాం. అయితే డైనోసార్లని చంపింది ఈ లావానా? గ్రహశకలం పడి చచ్చాయని కదా అందరూ అనేది. ఎముకల సంగతి కూడా చెప్పండి.

అనంతగిరి గాలి:
గ్రహశకలం పడిందన్నది నిజమే, మెక్సికోలో చిక్సులుబ్ దగ్గర దాదాపు 180 కిలోమీటర్ల గుంట ఉంది. 1980లో ఆల్వరెజ్ తండ్రీకొడుకులు, ఇంకో ఇద్దరు కలిసి ఆ కాలం నాటి మట్టి పొరలో ఇరిడియం (నేల మీద అరుదు, గ్రహశకలాల్లో ఎక్కువగా ఉండే లోహం) ఎక్కువగా ఉందని చూపించాక ఈ మాట బలపడింది. కెల్లర్‌ది మాత్రం లావా పార్టీ. గొడవంతా ఏ విడత ఎప్పుడు వచ్చిందన్న దగ్గరే. 2019లో ఒకే పత్రికలో రెండు బృందాలు దక్కన్ లావా వయసు కట్టాయి. పెద్ద విడత ఒకటి శకలం పడటానికి కాస్త ముందే వచ్చిందని ఒకరు, ఎక్కువ భాగం పడ్డాకే వచ్చిందని ఇంకొకరు. నా మటుకు శకలమే అసలు దెబ్బ, లావా ముందూ వెనకా ఊపిరాడనివ్వలేదు. ఇది నా అభిప్రాయం, కొట్టకండి.

డైనోసార్ ఎముకల కోసం ఆ క్వారీలో వెతక్కండి, తెల్ల పొర వాటి తర్వాతది, అందులోనూ నీళ్లలో పేరుకుంది. మన తెలుగు డైనోసార్‌ని చూడాలంటే హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ అస్థిపంజరం ఉంది, పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికింది. అది జురాసిక్‌ది, ఈ లావా కంటే 10 కోట్ల ఏళ్లకి పైనే పాతది.

క్రషర్ మేస్త్రి:
పెద్ద విషయాలు నాకు తెలీవు గానీ ఒక మాట తమ్ముడూ. ఆ తెల్లది కంకరకి పనికిరాదు, నలిగిపోద్ది, అందుకే క్వారీ పక్కన కుప్ప పోసేస్తాం. గవ్వలు కావాలంటే మేనేజర్‌కి చెప్పి ఆ కుప్పలో ఏరుకో, వానపడ్డాక వెళ్తే పిండి కొట్టుకుపోయి చిప్పలు పైకి తేలి ఉంటాయి. గోడ దగ్గరికి మాత్రం మళ్లీ వెళ్లకు, తెల్ల పొర కరిగి లోపలికి పోయేకొద్దీ పైన నల్లరాయి ఆధారం లేకుండా వేలాడతా ఉంటది. బ్లాస్టింగ్ టైమ్ ఎప్పుడో మీ బావని అడుగు.

కొవ్వూరు కుర్రాడు:
సరే అన్నా, కుప్ప దగ్గరికే వెళ్తా. రాయిరప్ప గారూ, ఆ పొడుగు మెలికల దాని ఫొటో పెడతాను, పేరు చెప్పాలి మీరు.

రాయిరప్ప:
పెట్టండి. పక్కన రూపాయి బిళ్ల పెట్టి తీయండి, సైజు తెలియాలి. ఏ క్వారీ, పొరలో పైనా కిందా అన్నది కూడా రాయండి, కుప్పలోదైతే కుప్పలోదని రాయండి.