‘బైట్’ కంప్యూటర్ పత్రిక తొలి ఏళ్ల గురించి తెలిసినవారి సహాయం కోరుతున్నాను

1975 సెప్టెంబరులో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం పీటర్‌బరో నుంచి కార్ల్ హెల్మర్స్ సంపాదకత్వంలో మొదలై, 1979లో మెక్‌గ్రా-హిల్ సంస్థ చేతికి వెళ్లి, 1998 జులై సంచికతో అచ్చు ఆగిపోయిన ‘బైట్’ పత్రిక చరిత్రను తెలుగులో రాస్తున్నాను. స్మాల్‌టాక్ అనే ప్రోగ్రామింగ్ భాషకు కేటాయించిన 1981 ఆగస్టు సంచికపై రాబర్ట్ టిన్నీ గీసిన రంగురంగుల వేడిగాలి బెలూన్ బొమ్మ నాకెంతో ఇష్టం. ఆ ముఖచిత్రంతోనే వ్యాసం మొదలుపెట్టాను.

నాకు సహాయం కావలసింది తొలి ఏళ్ల విషయంలో. అమెచ్యూర్ రేడియో పత్రిక నడిపిన వేన్ గ్రీన్ ‘బైట్’ స్థాపనలో పాలుపంచుకొని కూడా, అది తన చేయి దాటిపోయాక 1977లో ‘కిలోబాడ్’ అనే పోటీ పత్రికను తెచ్చారు. ఈ రెండింటినీ ఆ రోజుల్లో చదివినవారు, లేదా పాత సంచికలు దాచుకున్నవారు ఉంటే, కంప్యూటరును ఇంట్లోనే బిగించుకునే పాఠకుడికి ఏది ఎక్కువ ఉపయోగపడిందో, ఏయే వ్యాసాల ఆధారంగా అలా అనుకుంటున్నారో దయచేసి వివరించగలరా?