తమ్ముడికి సైకోసిస్: యాప్ పెట్టించొచ్చా?

ప్రశ్న: తమ్ముడికి సైకోసిస్ (లేని గొంతులు వినిపించడం, లేనిపోని అనుమానాలు రావడం లాంటి మానసిక జబ్బు), ఇప్పుడు మందులతో బానే ఉన్నాడు. నిద్ర, మూడ్, మాత్రలు రోజూ రాసుకునే యాప్ వాడమన్నారు డాక్టర్ గారు. కానీ జబ్బు ముదిరినప్పుడు "ఫోన్ నన్ను కనిపెడుతోంది" అని బ్యాటరీ పీకేసి దిండు కింద దాచిన మనిషి వాడు, మళ్ళీ అదే మొదలవుతుందేమోనని నా టెన్షన్.

జవాబు 1: మా అక్కకి ఎప్పుడైనా ముందు పాడయ్యేది నిద్రే అండీ. వరుసగా మూడు రాత్రులు సరిగా పడుకోలేదని యాప్‌లో చూసి, అనుమానాలు మొదలవకముందే డాక్టర్ దగ్గరికి వెళ్ళాం, మందు డోసు మార్చారు. మైక్, లొకేషన్ మాత్రం తమ్ముడి చేతే ఆఫ్ చేయించండి, మీరు చేస్తే నమ్మడు.

జవాబు 2: నర్సుగా చెప్తున్నా, అన్ని యాప్‌లూ ఒకటి కావు. ఫోకస్ అనే యాప్ లాంటిది ప్రశ్నలడిగి, గొంతులు వినిపిస్తే ఏం చేయాలో చెప్తుంది. మైండ్‌ల్యాంప్ అయితే ఫోన్ సెన్సర్ల నుంచి కూడా సమాచారం తీసుకోగలదు. మీవాడికి మొదటి రకమే నయం. ఇంకోటి, యాప్‌లో రాసింది అవతల ఎవరు, ఎప్పుడు చూస్తారో కనుక్కోండి. అర్ధరాత్రి "గొంతులు ఎక్కువయ్యాయి" అని నొక్కితే చూసే దిక్కు ఉండకపోవచ్చు, అప్పుడు ఎమర్జెన్సీకి ఫోన్ చేయాల్సిందే.

ప్రశ్న అడిగినవారు: వాడినే అడిగా. "రాస్తా గానీ నువ్వు చూడొద్దక్కా" అన్నాడు. సరే అన్నా.